అంబారీ ఎత్తు: రేంజ్ రోవర్ రూపాంతరాల్లో అధికారం కథ

1970 జూన్‌లో బ్రిటన్ విపణిలోకి వచ్చిన మొదటి రేంజ్ రోవర్‌లో తివాచీ లేదు. సీట్లకు వేసింది వినైల్ తొడుగు, కాళ్ల కింద పరిచింది రబ్బరు. బురద బూట్లతో ఎక్కిన రైతు సాయంత్రం ఇల్లు చేరాక గొట్టంతో నీళ్లు కొట్టి లోపలంతా కడుక్కోవచ్చుననేది దాన్ని రూపొందించిన ఇంజనీర్ల ఉద్దేశం. యాభై ఒక్క ఏళ్ల తర్వాత, 2021 అక్టోబరు 26న, అదే పేరు గల వాహనం అయిదో తరాన్ని లండన్‌లోని రాయల్ ఒపేరా హౌస్‌లో ఆవిష్కరించారు. దాని తలుపుల పిడులు అవసరం లేనప్పుడు ఒంట్లోకి ముడుచుకుపోతాయి. వెనుక దీపాలు వెలిగితే తప్ప కంటికి ఆనవు. చక్రాల చప్పుడు చెవికి చేరకుండా తల ఆనించే చోటే స్పీకర్లు అమర్చారు. లోపలి గాలిని వడగట్టే యంత్రమూ ఉంది. ఈ వాహనం యజమాని ఇప్పుడు బ్రిటిష్ కంపెనీ కాదు, ముంబయి కేంద్రంగా పనిచేసే టాటా గ్రూపు.

ఒక కారు కొత్త రూపు తొడుక్కోవడం వాహన పత్రికలకు వదిలేయదగిన సంగతిగానే కనిపిస్తుంది. అయితే రేంజ్ రోవర్ అయిదు తరాల చరిత్రను వరసగా పరిశీలిస్తే అందులో మరో కథ బయటపడుతుంది. పొలంలో గోతులు కనిపించడం కోసం ఎత్తుగా అమర్చిన సీటు క్రమంగా సాటి మనుషులకన్నా ఎత్తున కూర్చునే సౌకర్యంగా మారింది. నేలతో సంబంధం కోసం పుట్టిన బండి ప్రతి పునర్నిర్మాణంలోనూ నేలకు ఒక మెట్టు దూరం జరిగింది. భారతదేశంలో పాలకుల వాహనం కూడా దాదాపు ఇదే కాలంలో ఇదే దారిలో నడిచింది: గుడారపు గుడ్డ కప్పిన జీపు నుంచి అంబాసిడర్‌కు, అక్కడి నుంచి నల్లటి ఎత్తయిన ఎస్‌యూవీకి. ఈ రెండు చరిత్రలూ 2008లో ఒక చోట కలిశాయి.

ఉక్కు కరవులో పుట్టిన బండి

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక రోవర్ కంపెనీ ప్రధాన ఇంజనీరు మారిస్ విల్క్స్ వేల్స్‌లోని ఆంగ్లెసీ ద్వీపంలో తన పొలం పనులకు సైన్యం వదిలించుకున్న అమెరికన్ జీపును వాడేవాడు. అది పాడైతే దాని స్థానంలో ఏం కొనాలన్న ప్రశ్నకు జవాబు దొరకక, తన కంపెనీలోనే అలాంటి బండి చేయాలని తలపెట్టాడు. యుద్ధంలో గెలిచినా బ్రిటన్ అప్పుల్లో ఉంది. ఉక్కు రేషన్‌లో ఉంది. ఎగుమతులు చేసి విదేశీ మారకం తెచ్చే కర్మాగారాలకే ఉక్కు కేటాయింపులు దక్కేవి. అల్యూమినియం మాత్రం దొరికేది. అందుకే ల్యాండ్ రోవర్ ఒంటికి అల్యూమినియం మిశ్రమ లోహపు రేకులు వాడారు. వాటిని సులువుగా వంచడానికి వీలుగా రూపం పలకలు పలకలుగా ఉండిపోయింది. తొలి బండ్లకు వేసిన లేత ఆకుపచ్చ రంగు కూడా సైనిక విమానాల కోసం చేసి మిగిలిపోయిన సరుకే. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో అది తొలిసారి జనం ముందుకు వచ్చింది.

ఈ ల్యాండ్ రోవర్‌కు కారు సుఖాన్ని జోడించాలన్న ఆలోచన 1960ల నడుమ మొదలైంది. స్పెన్ కింగ్, గోర్డన్ బాష్‌ఫర్డ్ అనే ఇంజనీర్లు యంత్రభాగాలను రూపొందించగా, డేవిడ్ బాచ్ బాహ్యరూపానికి తుది మెరుగులు దిద్దాడు. అంతవరకు ఇలాంటి బండ్లకు లారీలకుండే పట్టీ స్ప్రింగులే ఉండేవి. వాటికి బదులు చుట్ట స్ప్రింగులు పెట్టారు. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, నిరంతరం నాలుగు చక్రాలకూ శక్తి అందే ఏర్పాటు, అమెరికాలోని బ్యూయిక్ సంస్థ వదిలేసిన నమూనా నుంచి తీసుకున్న 3.5 లీటర్ల వీ8 ఇంజను వచ్చి చేరాయి. బానెట్ రెండు అంచులను కొంచెం పైకి లేపి ఉంచారు. ఇరుకు దారిలో బండి ఒళ్లు ఎక్కడ ముగుస్తుందో నడిపేవాడికి తెలియాలని. ధర 1,998 పౌండ్లు. ఆధునిక పారిశ్రామిక రూపకల్పనకు నమూనాగా ప్యారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో దాన్ని ప్రదర్శించారు. దానిలోని ప్రతి గీతకూ ఒక పని ఉండటమే ఆ గౌరవానికి కారణం.

ఆ పని మారడానికి పదేళ్లు పట్టింది. దివాలా అంచుకు చేరిన మాతృసంస్థ బ్రిటిష్ లేలాండ్‌ను 1975లో బ్రిటన్ ప్రభుత్వం జాతీయం చేసుకుంది. కొత్త నమూనాలకు డబ్బు లేదు. రేంజ్ రోవర్ పదకొండేళ్ల పాటు రెండు తలుపుల బండిగానే ఉండిపోయింది. సంపన్నులు మాత్రం అప్పటికే స్విట్జర్లాండ్‌లోని మాంటెవెర్డి వంటి సంస్థల చేత నాలుగు తలుపులు పెట్టించుకుంటున్నారు. వెనుక సీటులో కూర్చునేవారి కోసం తలుపు అడగడమంటే, బండి యజమాని ఇక స్టీరింగు పట్టుకోవడం లేదని అర్థం. 1981లో కంపెనీయే నాలుగు తలుపుల రకం తెచ్చింది. ఆ మరుసటి ఏడాది ఆటోమేటిక్ గేర్లు వచ్చాయి. రబ్బరు పోయి తివాచీ, వినైల్ పోయి తోలు, ఇనుప రేకు కనిపించిన చోట చెక్క పలక వచ్చాయి. 1987లో అమెరికా విపణిలో అడుగుపెట్టే నాటికి పొలం అన్నది ప్రకటనల్లో నేపథ్య చిత్రంగా మాత్రమే మిగిలింది.

ఆ తర్వాతి ఇరవై ఏళ్లలో యాజమాన్యం నాలుగుసార్లు చేతులు మారింది. థాచర్ ప్రభుత్వం 1988లో రోవర్ గ్రూపును బ్రిటిష్ ఏరోస్పేస్‌కు అమ్మేసింది. 1994లో జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ కొనుక్కుంది. 2000లో ల్యాండ్ రోవర్‌ను విడదీసి అమెరికాలోని ఫోర్డ్‌కు అమ్మింది. 2008లో టాటాలు వచ్చారు. 1994లో వెలువడిన రెండో తరాన్ని బ్రిటిష్ ఇంజనీర్లు పరిమిత వనరులతో చేశారు. 2001లో ఆవిష్కరించిన మూడో తరం బీఎండబ్ల్యూ డబ్బుతో తయారై ఫోర్డ్ చేతుల మీదుగా అమ్మకానికి వచ్చింది. విడి ఛాసిస్ స్థానంలో ఒళ్లంతా ఒకే కట్టడంగా మారింది అప్పుడే. 2012 నాటి నాలుగో తరం పూర్తి అల్యూమినియం కట్టడంతో, అంతకు ముందు తరంకన్నా గరిష్ఠంగా 420 కిలోల బరువు తగ్గి వచ్చింది. ఇంజనీరింగ్ పరంగా ప్రతి అడుగూ ముందడుగే. ఇంత బరువైన బండి ఊరి వీధుల్లో ఎందుకు తిరగాలన్న ప్రశ్న మాత్రం రూపకర్తల బల్ల మీదికి రాలేదు. ఆ ప్రశ్న వేసినవాడు స్పెన్ కింగే. 2004లో బ్రిటిష్ పత్రికలతో మాట్లాడుతూ, ఈ బండి హోదా చిహ్నం కావాలని తామెన్నడూ అనుకోలేదని, పిల్లలను బడిలో దింపడానికి పట్టణాల్లో వీటిని వాడటం తెలివితక్కువతనమని ఆయన విమర్శించారు. తన సృష్టి మీద తానే తీర్పు చెప్పి 2010లో ఆయన కన్నుమూశారు.

జీపు వచ్చిందంటే ప్రభుత్వం వచ్చినట్టు

స్వతంత్ర భారతంలో నాలుగు చక్రాల ప్రభుత్వం జీపుతో మొదలైంది. దాని పుట్టుకలోనే ఉపఖండం చీలిక ఉంది. 1945లో ఇద్దరు మహీంద్రా సోదరులు, గులాం మహమ్మద్ కలిసి ఉక్కు వ్యాపారానికి మహీంద్రా అండ్ మహమ్మద్ అనే సంస్థను స్థాపించారు. దేశ విభజన తర్వాత గులాం మహమ్మద్ పాకిస్తాన్ తొలి ఆర్థిక మంత్రి అయ్యారు, 1951లో గవర్నర్ జనరల్ పదవినీ చేపట్టారు. ఇక్కడ మిగిలిన సంస్థ మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరు మార్చుకొని, విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి ఇక్కడే బిగించి అమ్మడం మొదలుపెట్టింది.

తొలి రక్షణ కొనుగోలు వివాదం కూడా జీపులదే. కశ్మీర్ యుద్ధం నడుస్తున్న 1948లో లండన్‌లో హైకమిషనర్‌గా ఉన్న వి.కె. కృష్ణమీనన్ నియమాలను పక్కనబెట్టి సుమారు 80 లక్షల రూపాయల జీపుల ఒప్పందం కుదుర్చుకున్నారన్న ఆరోపణ పార్లమెంటును కుదిపింది. 1955లో ప్రభుత్వం ఆ వ్యవహారాన్ని ముగిసినట్టు ప్రకటించింది. మరుసటి ఏడాదే మీనన్ కేంద్ర మంత్రి అయ్యారు. 1977 అక్టోబరు 3న జనతా ప్రభుత్వం ఇందిరా గాంధీని అరెస్టు చేసినప్పుడు మోపిన అభియోగాల్లోనూ ఎన్నికల ప్రచారానికి జీపులు సమకూర్చుకున్న వ్యవహారం ఉంది. ఆ కేసు మర్నాడే మేజిస్ట్రేటు ముందు నిలవక ఆమె విడుదలయ్యారు. జీపు లేకుండా ఎన్నిక లేదు, జీపు లేకుండా పాలన లేదు అన్న కాలమది. తహసీల్దారు, సమితి అధికారి, పోలీసు ఇన్‌స్పెక్టరు, అందరిదీ అదే బండి. పల్లెలో జీపు వచ్చిందంటే ప్రభుత్వం వచ్చినట్టే. అయితే ఆ ప్రభుత్వానికి పక్క తలుపులు ఉండేవి కావు. రోడ్డు మీది దుమ్ము అధికారి ముఖం మీద కూడా పడేది.

మంత్రుల హోదాకు గుర్తు అంబాసిడర్. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా ఆధారంగా హిందుస్తాన్ మోటార్స్ సంస్థ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 1950ల చివర మొదలుపెట్టి 2014 వరకు దీన్ని తయారు చేసింది. తెల్ల రంగు, ముందు భాగాన చిన్న జెండా, నెత్తిన ఎర్ర దీపం. తెలుగునాట దానికి జనం పెట్టిన పేరు బుగ్గకారు. అధికార దర్పానికి అదొక మారుపేరైనా, ఒక విషయం గమనించదగినది. కలకత్తా వీధుల్లో తిరిగే పసుపు టాక్సీ కూడా అంబాసిడరే. మంత్రి, టాక్సీలో ప్రయాణించే గుమాస్తా ఒకే ఎత్తున, ఒకే రకం సీటులో కూర్చునేవారు. తేడా అంతా రంగులోను, దీపంలోను ఉండేది. తీసేస్తే పోయే తేడా అది.

అదే కాలంలో రాజకీయ నాయకులు ఎత్తును మరో విధంగా కూడా వాడుకున్నారు. 1982లో తెలుగుదేశం స్థాపించిన ఎన్.టి. రామారావు ఒక పాత షెవర్లే వ్యానును ప్రచారానికి అనువుగా మార్పించి చైతన్యరథమని పేరు పెట్టారు. కుమారుడు హరికృష్ణ నడుపుతుంటే దాని పైకప్పు మీద నిలబడి రాష్ట్రమంతా తిరిగారు. 1983 జనవరి నాటికి ముఖ్యమంత్రి అయ్యారు. 1990లో లాల్‌కృష్ణ అద్వానీ సోమనాథ్ నుంచి బయల్దేరిన రథం ఒక టొయోటా వాహనం. ఈ రెండు యాత్రల రాజకీయ ఫలితాలు వేరు, దేశానికి మిగిల్చిన జ్ఞాపకాలు అంతకన్నా వేరు. అయినా రెండింటిలోనూ ఎత్తు ఉన్నది కనిపించడానికి. పూర్వం ఏనుగు మీద అంబారీ కట్టింది కూడా ఊరేగింపులో రాజు అందరి కంటా పడటానికే.

భయం దిద్దిన రూపం

కనిపించడం ప్రాణాంతకమని ఉపఖండపు నాయకులకు చరిత్ర నేర్పింది. 1984 అక్టోబరు 31న ఇందిరా గాంధీ హత్య తర్వాత ప్రధాని రక్షణకు 1985లో ప్రత్యేక భద్రతా దళం ఏర్పడింది. 1991 మే 21న శ్రీపెరంబుదూర్‌లో జనం మధ్యకు వెళ్లిన రాజీవ్ గాంధీ తిరిగి రాలేదు. 2001 డిసెంబరు 13న పార్లమెంటు ఆవరణలోకి ఉగ్రవాదులు ప్రవేశించింది తెల్ల అంబాసిడర్‌లో. దాని మీద ఎర్ర దీపం ఉంది, అద్దానికి హోంశాఖ పేరుతో నకిలీ స్టిక్కరు ఉంది. బుగ్గకారును ఆపడానికి ద్వారం దగ్గర ఎవరికైనా చేయి ఆడదన్న సంగతిని వారు ఆయుధంగా మలచుకున్నారు. అధికార చిహ్నం అధికారాన్నే కాటువేసిన ఆ రోజు తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు.

2003 అక్టోబరు 1న తిరుమల బ్రహ్మోత్సవాలకు వెళుతున్న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడి వాహనశ్రేణి మీద అలిపిరి వద్ద పీపుల్స్ వార్ నక్సలైట్లు మందుపాతరలు పేల్చారు. ఆయన గాయాలతో బయటపడింది తూటాలు దూరని అంబాసిడర్ వల్లనే. అయితే కవచం మోయడానికి అంబాసిడర్ ఇంజను, దాని పాతకాలపు ఛాసిస్ సరిపోవని అప్పటికే తేలిపోయింది. వాజపేయి హయాంలోనే ప్రధాని కాన్వాయ్‌లోకి కవచమున్న బీఎండబ్ల్యూలు వచ్చాయి. గుజరాత్ ముఖ్యమంత్రిగా మహీంద్రా స్కార్పియోలో తిరిగిన నరేంద్ర మోదీ ప్రధాని అయ్యాక ఆ వాహనశ్రేణిలో చేరిన వాటిలో కవచాలు తొడిగిన రేంజ్ రోవర్ ఒకటి.

ప్రధానికి కవచవాహనం కావాలనడంలో వాదనకు తావు లేదు. హత్యకు గురైన నాయకుల జాబితా ఉన్న దేశం ఆ ఖర్చును ప్రశ్నించదు. ప్రశ్న దాని కింది మెట్ల గురించి. ముప్పు ఉన్న కొద్దిమందికి భద్రత కోసం వచ్చిన రూపం, ముప్పు లేని వేలమందికి హోదాగా మారింది. శాసనసభ్యుడు, జిల్లా పరిషత్ నాయకుడు, ఇసుక గుత్తేదారు, వారి వెంట తిరిగే అనుచరులు, అందరికీ అదే నమూనా కావాలి: ఎత్తయిన బండి, నల్లటి అద్దాలు, ముందో రెండు వెనకో రెండు. రేంజ్ రోవర్ అందని చోట ఫార్చ్యూనర్, అదీ అందని చోట స్కార్పియో ఆ పని చేస్తున్నాయి. బండి పేరు మారినా కూర్చునే ఎత్తు మారలేదు.

ఒకే ఏడాదిలో రెండు కార్లు

2008 జనవరి 10న ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో రతన్ టాటా లక్ష రూపాయల కారు నానోను ఆవిష్కరించారు. స్కూటర్ మీద నలుగురు కుదించుకొని వెళ్లే కుటుంబాన్ని చూసి వచ్చిన ఆలోచనగా దాన్ని చెప్పేవారు. అదే ఏడాది మార్చి 26న ఫోర్డ్ నుంచి జాగ్వార్, ల్యాండ్ రోవర్‌లను 230 కోట్ల డాలర్లకు కొనే ఒప్పందం ప్రకటించారు. జూన్‌లో అది పూర్తయింది. వలస పాలకుల పరిశ్రమను వలస ప్రజలు కొన్నారని దేశం పొంగిపోయింది. 1999లో తమ కార్ల విభాగాన్ని అమ్మజూపిన టాటాలను ఫోర్డ్ అధికారులు అవమానించారని, తొమ్మిదేళ్లకు లెక్క సరిపోయిందని టాటా సహచరుడు ప్రవీణ్ కడ్లే 2015లో ఒక సభలో చెప్పిన ఉదంతం ఇప్పటికీ సామాజిక మాధ్యమాల్లో తిరుగుతూనే ఉంది.

ఆ కథ చెప్పేవారు అదే ఏడాది అక్టోబరు 3ను ప్రస్తావించరు. నానో కర్మాగారం కోసం వామపక్ష ప్రభుత్వం సేకరించిన సుమారు వెయ్యి ఎకరాల సింగూరు భూమిపై రైతులు, మమతా బెనర్జీ సాగించిన పోరాటం ముందు నిలవలేక టాటాలు ఆ రోజున బెంగాల్ విడిచి వెళుతున్నట్టు ప్రకటించారు. కర్మాగారం గుజరాత్‌లోని సాణంద్‌కు తరలింది. 34 ఏళ్ల వామపక్ష పాలన 2011లో కూలింది. ఆ భూసేకరణ చెల్లదని 2016 ఆగస్టు 31న సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, భూమి రైతులకు తిరిగి ఇమ్మంది. నానో మాత్రం నిలదొక్కుకోలేదు. పేదవాడి కారు అన్న పేరే దానికి శాపమైందన్న విశ్లేషణలు వచ్చాయి. 2018తో దాని ఉత్పత్తి దాదాపు ఆగిపోయింది.

2008 ఆర్థిక సంక్షోభంలో నష్టాలు తెచ్చిపెట్టిన ల్యాండ్ రోవర్ అందుకు విరుద్ధంగా కోలుకొని, టాటా మోటార్స్ ఆదాయంలో సగానికి పైగా సమకూర్చే స్థాయికి చేరింది. ఒకే సంస్థ, ఒకే ఏడాది, రెండు కార్లు. నలుగురు సామాన్యులను వాన నుంచి కాపాడాలని చేసినది చరిత్రలో కలిసింది. నలుగురిలో ఒకడిగా కనిపించకూడదనుకునే వారికి చేసినది వర్ధిల్లింది. దీన్ని విపణి తీర్పుగా కొట్టిపారేయవచ్చు. కానీ ఆ విపణికి దారులు వేసింది ప్రభుత్వాల సుంకాలు, పన్నులు, న్యాయస్థానాల ఆదేశాలే.

దీపం పోయింది, ఎత్తు మిగిలింది

2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కారు అద్దాలకు నల్ల ఫిల్మ్ అంటించడాన్ని నిషేధించింది. 2013 డిసెంబరులో ఎర్ర దీపాల వాడకాన్ని రాజ్యాంగ పదవుల్లోని అత్యున్నతులకే పరిమితం చేయమంది. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీది దీపాలను కేంద్రం పూర్తిగా తొలగించింది. వీఐపీ సంస్కృతికి తెర పడిందని అప్పట్లో ప్రకటించారు. జరిగింది వేరు. దీపం లేకపోయినా కూడలిలో పోలీసు దూరం నుంచే బండిని గుర్తుపడుతున్నాడు. దీపం చేసిన పనిని ఇప్పుడు బండి రూపమే చేస్తోంది. దీపాన్ని ఉత్తర్వుతో తీయవచ్చు, రూపాన్ని తీయడానికి ఉత్తర్వు లేదు.

కాలుష్యం విషయంలోనూ ఇంతే. 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో రెండు వేల సీసీ, అంతకు మించిన డీజిల్ వాహనాల రిజిస్ట్రేషన్‌ను నిలిపివేసింది. ఎనిమిది నెలలకు, ధరలో ఒక శాతం పర్యావరణ రుసుము కట్టించుకొని అనుమతి ఇచ్చింది. ఢిల్లీ గాలి ఎలా ఉందో ప్రతి శీతకాలం చెబుతూనే ఉంది. బండిలో గాలి వడగట్టే యంత్రం ఉన్నవారికి ఆ వార్త అద్దం అవతలిది.

పన్ను చట్టం ఎస్‌యూవీని కొలతలతో నిర్వచించింది. నాలుగు మీటర్లకు మించిన పొడవు, 1,500 సీసీకి మించిన ఇంజను, నేల నుంచి 170 మిల్లీమీటర్లు, అంతకు మించిన ఎత్తు. వీటికి 28 శాతం జీఎస్టీ మీద 22 శాతం సెస్సు కలిపి 50 శాతం పన్ను పడేది. 2025 సెప్టెంబరు 22న వచ్చిన మార్పులతో సెస్సు పోయి మొత్తం 40 శాతంగా స్థిరపడింది. చిన్న కార్ల పన్ను 18 శాతానికి తగ్గిందన్న వార్త పతాక శీర్షికలకు ఎక్కింది. అత్యంత విలాస వాహనాలకు కూడా పది పాయింట్లు తగ్గిన సంగతి వాణిజ్య పుటలు దాటి రాలేదు.

దీనికి ఒక ఏడాది ముందు, 2024 మే నెలలో, రేంజ్ రోవర్‌ను పుణె సమీపంలో బిగించి అమ్మనున్నట్టు కంపెనీ ప్రకటించింది. అంతవరకు ఆ బండిని ఇంగ్లండ్‌లోని సోలిహల్‌లో తప్ప మరెక్కడా తయారు చేయలేదు. దిగుమతి సుంకం తగ్గి కొన్ని రకాల ధర లక్షల్లో దిగివచ్చింది. 2025 జులై 24న సంతకాలైన భారత్–బ్రిటన్ వాణిజ్య ఒప్పందం ప్రకారం బ్రిటిష్ కార్ల మీద వంద శాతం దాటిన సుంకం, నిర్ణీత సంఖ్యకు లోబడి, క్రమంగా 10 శాతానికి దిగుతుంది. బ్రిటన్‌కు ఇచ్చిన రాయితీగా కనిపించే దీనిలో లబ్ధి పొందే ప్రధాన సంస్థల్లో ఒకటి భారతీయ సంస్థ సొత్తు. సోలిహల్ కార్మికుడి ఉద్యోగం, ముంబయి వాటాదారు లాభం, ఢిల్లీ కొనుగోలుదారు ముచ్చట, మూడూ ఒకే పంక్తిలో సర్దుకున్నాయి. నేత కార్మికులకు, రైతులకు ఆ ఒప్పందం ఏమిచ్చిందన్న చర్చ జరిగినంత లోతుగా ఈ పంక్తి మీద చర్చ జరగలేదు.

పొరుగు దేశాల అనుభవం ఈ విషయంలో హెచ్చరిక లాంటిది. నేపాల్‌లో 1990లలో ఎంపీలు సుంకం లేకుండా ఖరీదైన బండ్లు తెప్పించుకునే వెసులుబాటు పొందినప్పుడు, పజేరో సంస్కృతి అన్న మాటే రాజకీయ నిఘంటువులో చేరిపోయింది. 2024 ఆగస్టులో షేక్ హసీనా ప్రభుత్వం కూలినప్పుడు బంగ్లాదేశ్ మాజీ ఎంపీలు సుంకం లేకుండా తెప్పించిన ల్యాండ్ క్రూయిజర్లు చిట్టగాంగ్ రేవులో దిక్కులేకుండా నిలిచిపోయాయి. శ్రీలంకలో కొత్త ప్రభుత్వం 2025లో అధ్యక్ష సచివాలయపు విలాస వాహనాలను వేలం వేసింది. జనాగ్రహానికి బండి ఒక్కటే కారణం కాదు. కానీ ధరలు, నిరుద్యోగం, అవినీతి గురించి వాదించే గణాంకాలు అందరికీ అందవు. వీధిలో దుమ్ము రేపుకుంటూ వెళ్లిన బండి అందరి కళ్లలోనూ పడుతుంది.

ఎత్తుకు మరో లెక్క కూడా ఉంది. 2022లో భారత రోడ్ల మీద 1,68,491 మంది మరణించారు. వారిలో 32,825 మంది పాదచారులు, 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళుతున్నవారు. అమెరికాలో రహదారి భద్రతపై బీమా సంస్థలు నడిపే పరిశోధన కేంద్రం 2023లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, బానెట్ ఎత్తు నలభై అంగుళాలు మించిన వాహనాలు ఢీకొన్నప్పుడు పాదచారి మరణించే అవకాశం, ముప్పై అంగుళాలలోపు వాలు బానెట్ ఉన్న కార్లతో పోలిస్తే సుమారు 45 శాతం అధికం. చిన్న కారు మనిషి కాళ్లను కొడుతుంది, పెద్ద బండి ఛాతీని, తలను కొడుతుంది. 2024 ఫిబ్రవరిలో ప్యారిస్ పౌరులు ఓటు వేసి బరువైన ఎస్‌యూవీలకు పార్కింగ్ రుసుమును మూడింతలు చేసుకున్నారు. ఆ ఓటింగులో పాల్గొన్నవారు తక్కువే. అయినా అక్కడ ఆ ప్రశ్నను జనం ముందు పెట్టారు.

భారతదేశంలో అమ్ముడయ్యే కార్లలో ఇప్పుడు సగానికి పైగా ఎస్‌యూవీ తరహావే. రేంజ్ రోవర్ ఆరో తరం ఎలా ఉండాలో బ్రిటన్‌లోని రూపకర్తలు నిర్ణయిస్తారు, డబ్బు ముంబయి నుంచి వెళుతుంది. ఆ నిర్ణయంలో ఢిల్లీకి కూడా ఒక పాత్ర ఉంది. పన్ను వసూలుకోసం బండి కింది ఖాళీని మిల్లీమీటర్లతో సహా కొలిచిన చట్టం అదే నిర్వచనంలో బానెట్ ఎత్తుకు, బరువుకు చోటివ్వలేదు. 1970లో స్పెన్ కింగ్ బృందం బానెట్ అంచులను పైకి లేపింది, ఎదుట ఏముందో నడిపేవాడు చూసి తప్పుకోవాలని. సైకిల్ మీద పాలు పోసి వచ్చే మనిషి ఇవాళ ఆ అంచుకు అవతల ఉన్నాడు.